కారు గొంతు

ఇబ్రిలో నేను పనిచేసిన గ్యారేజీకి ముందు రెండు షట్టర్లు, వెనక పాత ఇనుము గుట్ట ఒకటి ఉండేవి. రెండు వేల ఎనిమిది నాటి మాట. మా అర్బాబ్, అంటే యజమాని, నెలకోసారి వచ్చి షట్టర్లు ఉన్నాయో లేదో చూసుకుని పోయేవాడు. మిగతా రోజుల్లో అక్కడ నేను చెప్పిందే వేదం. పదహారేళ్ళు విజయవాడ ఆటోనగర్‌లో ఇంజన్లు విప్పి బిగించినవాణ్ణి, నాకొకరు చెప్పేదేమిటన్న పొగరు బాగా ఉండేది. ఇప్పుడు లేదు. అదెలా పోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఒమన్‌లో నాలుగేళ్ళున్నా నాకు పట్టుబడిన అరబ్బీ నలభై మాటలకు మించదు. బాచర్ అంటే రేపు, జేన్ అంటే బాగుంది, ముహిమ్ అంటే ముఖ్యం. బండి బాగుచేసి ఇంటి దగ్గర దించడానికి వెళితే గుమ్మంలో ఇంకో రెండు వినపడేవి. దైఫ్ అంటే అతిథి, గహ్వా అంటే కాఫీ. ముక్కూ మొహం తెలియనివాడు వచ్చినా ఆ రెండు మాటలూ అనకుండా ఆ దేశంలో ఎవరూ పంపరు. మిగతా వ్యవహారమంతా హిందీ, ఇంగ్లీషు ముక్కలు, చేతి సైగలు. ఆ సంపదతోనే నాకు అరబ్బీ వచ్చని ఊళ్ళో వాళ్ళకు ఫోన్లో గొప్పలు పోయేవాణ్ణి.

వేసవి మొదట్లో ఒక ముసలాయన పాత అమెరికన్ కారొకటి తాడు కట్టి లాగించుకొచ్చాడు. డెబ్బైల్లో తయారైన ఎనిమిది సిలిండర్ల కారు. ఆయనకూ డెబ్బై దాటే ఉంటాయి. ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లటి దిష్‌దాషా, అదే వాళ్ళ పొడుగు అంగీ, ముందరి పళ్ళు రెండు లేని నోరు, నెమ్మదైన మనిషి. బానెట్ ఎత్తి చూస్తే లోపలంతా మసి. కార్బరేటర్ వేడికి వంకరపోయి పెట్రోలు కారి ఒకసారి మంట కూడా అంటుకుందట. ఎండ ముదిరితే కారు స్టార్ట్ కాదట. ఆయన వేలు ఎత్తి, "జుమా, జుమా" అన్నాడు. శుక్రవారం నాడు మాత్రం తప్పకుండా స్టార్ట్ కావాలని. నమాజుకు వెళ్ళడానికి కాబోలు అనుకున్నాను.

ఆ కార్బరేటర్ పనికిరాదని, దాని స్థానంలో ఫ్యూయల్ ఇంజెక్షన్ పెడదామని నేనే చెప్పాను. ఎంత పెట్రోలు పోయాలో ఒక చిన్న కంప్యూటర్ డబ్బా లెక్క చూసుకుంటుంది, ఎండైనా చలైనా తాళం తిప్పితే చాలు అని చేతులతో బొమ్మ గీసినట్టు చెప్పాను. ఆయన మొహం విప్పారింది. "కుల్ జుమా?" అన్నాడు. ప్రతి శుక్రవారమూనా అని. గుండె మీద చెయ్యేసుకుని మాటిచ్చాను.

సామాను బురైమిలోని స్పేర్ పార్టుల షాపు నుంచి వచ్చింది. బిగించి తాళం తిప్పితే ఇంజను లేచింది కానీ నిలబడలేదు. కుంటుకుంటూ నాలుగడుగులు వేసి ఆగిపోయేది. అలా పదిసార్లు. కంప్యూటర్ చేతకానిదని కాసేపు దాన్ని తిట్టాను. ఆడలేక మద్దెల ఓడన్న బాపతు. తర్వాత టాపు విప్పి చూస్తే అసలు సంగతి తెలిసింది. కారులో ఉన్నది కంపెనీ క్యామ్ షాఫ్ట్ కాదు, ఎవరో ఇష్టపడి వేయించుకున్న రేసింగ్ క్యామ్.

క్యామ్ షాఫ్ట్ అంటే ఇంజను మధ్యలో తిరిగే ఒక ఇనుప కడ్డీ. దాని మీద వరసగా గుబ్బలుంటాయి. ఆ గుబ్బలే వాల్వుల్ని ఎత్తుతాయి, దించుతాయి. ఇంజను ఎప్పుడు ఊపిరి పీల్చాలో, ఎప్పుడు వదలాలో అవే చెబుతాయి. రేసింగ్ క్యామ్ గుబ్బలు పెద్దవి కాబట్టి పీల్చే వాల్వూ వదిలే వాల్వూ కాసేపు రెండూ తెరుచుకునే ఉంటాయి. కారు పరుగెత్తేటప్పుడు అది బలం. ఊరికే నిలబెట్టి ఆన్ చేసి ఉంచితే మాత్రం ఇంజను గుడుగుడు, గుడు, గుడుగుడు అని కుంటుతుంది. కార్బరేటర్‌కి తెలివి లేదు కాబట్టి ఆ కుంటితనాన్ని పట్టించుకోదు. కంప్యూటర్ డబ్బా అలా కాదు, ఇంజను ఊపిరిని కొలిచి పెట్రోలు పోస్తుంది. ఊపిరే తడబడుతుంటే అదేం పోస్తుంది?

బురైమి షాపు నడిపేది హైదరాబాదీ సాయిబు. ఫోన్ చేస్తే, "క్యామ్ కౌన్సా హోనా భాయ్, ఠండా కీ గరం?" అని అడిగాడు. ఠండా అంటే చిన్న గుబ్బలది, సాఫ్ట్‌గా నడిచేది. గరం అంటే ఇప్పుడున్నలాంటిది. "ఇంజెక్షన్‌కు గరం నక్కో భాయ్, రోజూ నాకే ఫోన్ చేసి రోతే," అని నవ్వాడు. గరం వద్దు, వేస్తే రోజూ తనకే ఫోన్ చేసి ఏడుస్తానని. గరం క్యామ్‌తోనూ నడపవచ్చని కాటలాగ్ చివరి పేజీలో సన్నక్షరాల్లో ఉంది. కంప్యూటర్‌ని ఇంజను ఊపిరి వైపు కాకుండా యాక్సిలరేటర్ వైపు చూసేలా మార్చుకుని, లాప్‌టాప్ పెట్టుకుని రోజుల తరబడి సరిచేసుకోవాలి. అంత ఓపిక నాకెక్కడిది? అయినా కారు నాది కాదు కదా, పెద్దాయన్నొక మాట అడుగుదామనుకున్నాను.

ఆయన మర్నాడు వచ్చాడు. కడ్డీని చూపించి, "దిస్ క్యామ్ షాఫ్ట్, చేంజ్. ఓకే?" అన్నాను. ఆయన కొంచెం కంగారుపడ్డాడు. చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. పళ్ళ సందులోంచి గాలి పోతుంటే, "సోఫ్త్... సోఫ్త్ ముహిమ్, సదీఖ్," అన్నాడు. కనీసం నాకు అలాగే వినపడింది. సాఫ్ట్ ముఖ్యం స్నేహితుడా, అని. చెవి మీద చెయ్యి ఎందుకు పెట్టాడంటే, పెద్ద వయసు, ఆ గుడుగుడుకి చెవులు నొప్పి పుడుతున్నాయని తీర్మానించుకున్నాను. నలభై మాటల పండితుణ్ణి కదా. "సాఫ్ట్, సాఫ్ట్! ఫుల్ సాఫ్ట్! నో ప్రాబ్లం!" అన్నాను. ఆయన రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారు బాగుపడితే ఏడ్చే కస్టమర్ని అదే చూడటమని రూమ్‌లో వాళ్ళకు చెప్పి నవ్వించాను కూడా.

ఠండా క్యామ్ వేశాను. చెప్పుకోకూడదు గానీ ఆ పని బాగా చేశాను. పాలు లేని సులేమానీ టీ గ్లాసు ఇంజను మీద పెడితే ఒక్క బొట్టు తొణకలేదు. పాత కడ్డీని వెనక ఇనుము గుట్ట మీదికి విసిరేశాను. అది పడిన చప్పుడు నాకింకా గుర్తుంది.

బుధవారం ఆయన బండి తీసుకెళ్ళడానికి వచ్చాడు. తాళం తిప్పాను. పిల్లి గురక పెట్టినంత మెత్తగా ఉంది. ఆయన తల వంచి విన్నాడు. బానెట్ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. మళ్ళీ చెవి ముట్టుకుని అదే మాట, ఈసారి ప్రశ్నలా అన్నాడు. "ఫుల్ సాఫ్ట్!" అని నేను బొటనవేలు ఎత్తి చూపించాను. ఆయన కాసేపు ఆలోచించి, "బాచర్?" అన్నాడు. రేపటికి సర్దుకుంటుందా అని. "బాచర్ మోర్ బెటర్!" అన్నాను. ఆయన తల ఊపి, కారు ఎక్కి, చప్పుడు లేకుండా వెళ్ళిపోయాడు.

సోమవారం మధ్యాహ్నం అదే కారు వచ్చి షట్టర్ ముందు ఆగింది. పెద్దాయనతో పాటు ఒకామె దిగింది. నల్ల అబాయా వేసుకుని తలకు గుడ్డ చుట్టుకుంది. నలభై ఏళ్ళుంటాయి. నా మొహం చూస్తూనే, "తెలుగోడివేనా అన్నా? నేను కడప పక్క. వీళ్ళింట్లో పన్జేస్తాండా," అంది. తెలుగు వినేసరికి నా మొహం చేటంత అయింది. ఆమె మొహంలో నవ్వు లేదు.

"ఏం జేసినావన్నా నువ్వు? ఆయప్ప సోత్ అని చెప్పినాడంట గదా నీకు. సోత్ అంటే సౌండన్నా. గొంతు. ఏమన్నా జేస్కో, సౌండు మాత్రం మార్చాకు, అదే ముఖ్యం అన్యాడంట. నువ్వు సరే సరే అన్యావంట."

సోత్. సాఫ్ట్. నేను విన్నదేమిటో అప్పుడర్థమైంది. అయినా తప్పు ఒప్పుకునే అలవాటు లేని నోరు కదా, "సౌండు పోతే పోయిందిలేమ్మా, బండి ఎంత బాగుందో చూడు," అన్నాను. ఆమె నన్ను చూసిన చూపు నేను మరచిపోలేదు.

తర్వాత ఆ షట్టర్ నీడలో నిలబడి ఆమె చెప్పింది. ముసలాయనకు ఒక్కడే కొడుకు. మస్కట్‌లో ఉద్యోగం. ఈ కారు అతనిదే. ఆ రేసింగ్ క్యామ్ కూడా అతనే ముచ్చటపడి వేయించుకున్నాడు. ప్రతి శుక్రవారం నమాజు అయ్యే వేళకు మస్కట్ నుంచి ఇంటికి వచ్చేవాడు. మూడేళ్ళ కిందట జబ్బు చేసి చనిపోయాడు. ఆ దెబ్బకు తల్లికి పక్షవాతం వచ్చి మంచం పట్టింది.

"ఆయమ్మకు కొన్ని గుర్తుంటాయి, కొన్ని ఉండవన్నా. కొడుకు పోయింది గుర్తు లేదు. శుక్రారం వస్తాడనేది మాత్రం గుర్తుండాది. అందుకని ఆయప్ప శుక్రారం నమాజు నించి వస్తానే వాకిట్లో కారు స్టార్ట్ జేసి పెడతాడు. ఆయమ్మ కిటికీ కాడ పండుకోని ఇంటాది. వచ్చినాడు, అంటాది. ఆ పొద్దు నేను పెట్టిన అన్నం కడుపు నిండా తింటాది. అంతేన్నా. కొడుకు వచ్చినాడని ఆయప్ప ఒక్కనాడు గూడా అబద్ధం జెప్పలేదు. ఉత్తగా కారు స్టార్ట్ జేస్తాడు."

"మరి మొన్న?" అన్నాను. అడక్కుండా ఉండాల్సింది.

"మొన్న స్టార్ట్ జేస్తే, ఎవుర్దీ కారు అనింది. మనదే అన్యాడు. నా కొడుకు కారు గొంతు నాకు తెలీదా, వాడేడి, అనింది. మళ్ళా మళ్ళా అడిగింది. ఆయప్పకు అబద్ధం రాదన్నా. చెప్పేసినాడు. ఇయ్యాలే పోయినట్టు ఏడ్సింది ఆయమ్మ. మూడు దినాలాయ, అన్నం ముట్టల్యా."

పెద్దాయన కొంచెం దూరంలో కారు పక్కన నిలబడి ఉన్నాడు. నా వైపు కోపంగా చూస్తాడేమో అనుకున్నాను. ఆయన కారు అద్దం మీద దుమ్ము దిష్‌దాషా అంచుతో తుడుస్తున్నాడు. తిట్టి ఉంటే నాకు కొంత తేలిగ్గా ఉండేది. ఒక తల్లికి ఒకే కొడుకు రెండుసార్లు పోయాడు, రెండోసారి నా చేతుల మీదుగా పోయాడు. అన్నీ తెలుసనుకునేవాడి చేతికి పానా ఇవ్వకూడదు.

ఆ సాయంత్రం ఇనుము గుట్ట తవ్వి పాత కడ్డీని పట్టుకున్నాను. కానీ చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? క్యామ్ గుబ్బ మీద ఒక్కో ట్యాపెట్, అంటే గుబ్బ ఎత్తును వాల్వుకు అందించే చిన్న ఇనుప ముక్క, కూర్చుని రెండూ కలిసే అరుగుతాయి. ఏ గుబ్బ మీది ట్యాపెట్‌ని ఆ గుబ్బ మీదే పెట్టాలి. మారిస్తే ఒకదాన్నొకటి తినేస్తాయి. నా గురువు ఆటోనగర్‌లో మొదటి వారమే నేర్పించిన పాఠం అది, విప్పిన వెంటనే వరసగా పేర్చి నంబర్లు వెయ్యమని. నేను పదహారు ట్యాపెట్లనీ ఒకే డబ్బాలోకి గుమ్మరించాను. వాటితో ఇక పని లేదు కదా అని.

ఒక్కటే దారి మిగిలింది. పాత కడ్డీని కొలిచి, అలాంటిదే ఇంకొకటి తెప్పించడం. రెండు రోజులు డయల్ గేజ్ పెట్టి ఒక్కో గుబ్బనీ కొలిచి కాగితం మీద రాశాను. ఆ అంకెలు ఫోన్లో చదివితే బురైమి సాయిబు, "పహ్లే ఠండా బోలే, అబ్ గరం బోల్రే. తబియత్ ఠీక్ హై నా భాయ్?" అన్నాడు, ఒంట్లో బాగానే ఉందా అని. మామూలుగా అయితే ఒకటికి రెండు అనేవాణ్ణి. ఈసారి అంకెలే మళ్ళీ చదివాను. నా అంకెలకు అచ్చంగా సరిపోయేది కాటలాగ్‌లో లేదని, వాల్వు తెరుచుకుని ఉండే లెక్కలో రెండు డిగ్రీల తేడాతో ఒకటుందని చెప్పాడు. రెండు డిగ్రీలు మనిషి చెవికి అందవులే అనుకుని అదే తెప్పించమన్నాను.

అమెరికా నుంచి రావడానికి అయిదు వారాలు పట్టింది. అంటే అయిదు శుక్రవారాలు. ఆయమ్మ మళ్ళీ మరచిపోయిందట. శుక్రవారం నమాజు పిలుపు వినపడగానే కిటికీ వైపు తిప్పమంటుందట. సాయంత్రం దాకా అలాగే చూసి, ఈ వారం సెలవు దొరకలేదేమో అని తనే సర్దిచెప్పుకుంటుందట. కడపామె కూరగాయలకు వచ్చినప్పుడల్లా గ్యారేజీ దగ్గర ఆగి, "వచ్చిందా అన్నా?" అని అడిగి పోయేది. ఆమె ఇద్దరు పిల్లలూ ఊళ్ళో చెల్లెలి దగ్గర పెరుగుతున్నారు. వాళ్ళు తన గొంతు గుర్తుపడతారో లేదోనని శుక్రవారం ఫోన్ చేయడమంటేనే భయమేస్తోందని ఒకసారి అంది.

ఆ రోజుల్లోనే ఒకసారి ఫోన్ కార్డు గీకి ఇంటికి ఫోన్ చేస్తే మా చిన్నది ఎత్తింది. దానికి అప్పుడు నాలుగేళ్ళు. "ఎవరే?" అని వాళ్ళమ్మ వెనక నుంచి అడుగుతోంది. "ఎవరో మావయ్య," అంది అది. ఇంకెప్పుడైనా అయితే నవ్వేసేవాణ్ణి.

కొత్త క్యామ్, కొత్త ట్యాపెట్లు వేశాను. సన్నక్షరాల్లో ఉన్న ఆ ఓపిక పని మొదలుపెట్టాను. లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని తొమ్మిది రోజులు కారులోనే కూర్చున్నాను. నా జన్మంతా కుంటే ఇంజన్లను సరిగ్గా నడిపించడమే పని. ఒక ఇంజనుకు కుంటడం నేర్పించడం అదే మొదటిసారి. పెట్రోలు కొంచెం పెంచి చూశాను, స్లో, అంటే నిలబెట్టి ఉంచినప్పుడు ఇంజను తిరిగే వేగం, కొంచెం తగ్గించి చూశాను. పెద్దాయన రోజూ వచ్చి పక్క సీట్లో కూర్చుని కళ్ళు మూసుకుని వినేవాడు. "లా," అనేవాడు. కాదని. మళ్ళీ మార్చేవాణ్ణి. తొమ్మిదో రోజు గుడుగుడు, గుడు, గుడుగుడు అని ఇంజను పలికినప్పుడు ఆయన కళ్ళు తెరవలేదు. సీటు అంచు గట్టిగా పట్టుకున్నాడు. "హాదా," అన్నాడు. ఇదే, అని.

ఆ శుక్రవారం నన్ను ఇంటికి రమ్మన్నాడు. నమాజు అయ్యాక కారు నేనే నడిపి వాకిట్లోకి తెచ్చాను. ఆయన ముందే లోపలికి వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాడు. కిటికీ తలుపులు తెరిచి ఉన్నాయి, పల్చటి తెర ఒకటి కదులుతోంది. కడపామె గుమ్మంలో నిలబడింది. ఆయమ్మ నాకు కనిపించలేదు. ఇంజను ఆపకుండా స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను. ఇంజను అద్భుతంగా కుంటుతోంది. ఏ దేవుడికి మొక్కానో కూడా గుర్తు లేదు, ఇద్దరు ముగ్గురికి మొక్కే ఉంటాను.

లోపలి నుంచి ఒక సన్నటి గొంతు వినపడింది, నీరసంగా, మర్యాదగా. ఏదో పొడుగు వాక్యమే అంది ఆవిడ. అందులో రెండు మాటలు నా నలభైలోవి.

దైఫ్. గహ్వా. అతిథి. కాఫీ.

గుమ్మంలో కడపామె తల దించుకుని లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి పెద్దాయన బయటికొచ్చాడు. కారు దగ్గరికి నడిచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. ఈసారి నేను తప్పు వినకూడదని కాబోలు, తనకు వచ్చీరాని హిందీలో ఒక్కో మాటా విడదీసి చెప్పాడు.

"బోలా... బేటా ఆయా."

కొడుకొచ్చాడు, అందట. ఆయన నవ్వాడు. పళ్ళు లేని ఆ నవ్వు వణికింది. "సోత్ జేన్, సదీఖ్," అని నా భుజం నొక్కాడు. నేను తాళం తిప్పి ఇంజను ఆపాను.

కడపామె పళ్ళెంలో ఖర్జూరాలు, చిన్న గిన్నె, పొడుగు ముక్కు కూజా పెట్టుకుని వచ్చింది. నా వైపు చూడకుండా గహ్వా పోసింది. కొడుకు వచ్చాడని మూడేళ్ళు భార్యతో ఒక్కసారి కూడా అబద్ధం చెప్పని మనిషి, ఆ అబద్ధాన్ని నాకు చెప్పాడు. నేను అతిథిలా రెండు చేతులా అందుకుని ఆ గహ్వా తాగాను.